ఈస్టరు గిన్నె

పంతొమ్మిదొందల ఎనభయ్యారులో, మిరప కోతలప్పుడు మా కొలిమిలో రెండు పెద్ద రాగి గిన్నెలు తయారయ్యాయి. మొదటిది పగిలింది. నేను చెప్పాలనుకున్నది రెండోదాని సంగతే గానీ, మొదటిది ఎందుకు పగిలిందో చెప్పకుండా రెండోదాని గురించి చెబితే అందులో మజా మీకు తెలియదు.

మాది పర్చూరుకి నాలుగు మైళ్ళ అవతల ఊరు. మేం కంచరివాళ్ళం. నేను కాపురానికొచ్చి అప్పటికి మూడేళ్ళు. మా మావగారు యలమందయ్య ఒకే రేకులోంచి అతుకు లేకుండా ఎంత లోతు గిన్నె కావాలంటే అంత లోతు లేపేవాడు. ఆ చుట్టుపక్కల అలాంటి చెయ్యి ఆయనదొక్కటే మిగిలింది. మిగతా కంచరివాళ్ళంతా అప్పటికే స్టీలు సామాన్ల కొట్లు పెట్టుకున్నారు. మా ఆయన బాపయ్య ఒళ్ళు కొలిమి దగ్గరున్నా, మనసు మాత్రం చీరాలలో మేనమామ గారి స్టీలు కొట్టులో ఉండేది.

ఫిబ్రవరి మొదట్లో ఒక ఉదయం ఏసోబు వచ్చాడు. మిరప తోటల్లో ముఠా మేస్త్రీ, వాళ్ళ చర్చిలో పెద్ద. గొంతు కూడా పెద్దదే.

"ఆచారిగారూ! ఈస్టరు నాటికి కొత్త చర్చి తెరుస్తున్నామండీ. పసిపిల్లలకి బాప్తిస్మం ఇచ్చే నీళ్ళకి గిన్నె కావాలి. ఒకటే రేకు, అతుకు ఉండగూడదు. మా మనవళ్ళ మనవళ్ళకి కూడా అదే గిన్నె ఉండాలి."

మావయ్య దూలాల వైపు చూస్తూ మీసం సర్దుకుంటున్నాడు. అత్తయ్య వెంకటేశ్వరమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఆయనకి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ గిన్నెలా గుండ్రంగా పెట్టి, "గిన్నె! ఈస్టరుకి! ఒకటే రేకు!" అంది పెదాలు బాగా కదిలిస్తూ.

"చేస్తాను," అన్నాడు మావయ్య.

మా ఇంట్లో మాటలన్నీ అలాగే నడిచేవి. ఎవరేం అడిగినా ఆయన పలకడు. అత్తయ్య వచ్చి మొహం ముందు మళ్ళీ చెబుతుంది. కొత్తలో నేనొకసారి, "మావయ్యగారికి సరిగా వినపడదా అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ చేతిలో ఉన్న చేట విసిరి కొట్టినంత పనిచేసింది. "వినపడక కాదే, పట్టించుకోరు! రాగి పని చేసేవాడికి వినపడకపోతే ఇంకేం ఉంది? ఇంకోసారి ఆ మాట అన్నావంటే చూడు!" ఆ తర్వాత ఆ మాట నేను మళ్ళీ అనలేదు. అదే నేను చేసిన తప్పు.

ఎందుకంటే రాగి పనంతా చెవి మీద నడుస్తుంది. మెత్తగా ఉన్న రాగి మీద సుత్తి పడితే దబ్ దబ్ మని ముద్దగా వినపడుతుంది. కొడుతున్నకొద్దీ రాగి గట్టిపడి ఖంగు ఖంగుమంటుంది. ఆ ఖంగు ఒక హద్దు దాటగానే ఆపాలి. కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది, మళ్ళీ కొట్టాలి. ఒక్క గిన్నె లేవాలంటే ఇలా ఇరవై సార్లన్నా కాల్చాలి. హద్దు దాటాక ఇంకో పది దెబ్బలు ఎక్కువ పడితే అంచు బీటలిస్తుంది. చేతికి కూడా కొంత తెలుస్తుంది గానీ, మావయ్య అరచెయ్యి అప్పటికి కాయలు కాసి చెప్పుల అట్టలా తయారైంది.

కొలిమికి గాలి కొట్టే చక్రం తిప్పడం ఆడవాళ్ళ పని. దానికో కట్టుబాటు ఉంది. సుత్తి పట్టినవాడు "గాలి" అన్నాకే చక్రం తిప్పాలి. అడక్కుండా తిప్పామంటే, నీకు పని రాదని వాడి మొహానే అన్నట్టు. పొన్నూరులో మా నాన్న కొలిమి దగ్గర పెరిగినదాన్ని నేను. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని కూర్చుని, నాన్న "గాలి" అనబోయే ముందే మనసులో నేను అనేసుకునేదాన్ని. ఒక్కసారి కూడా తప్పేదాన్ని కాదు. అయినా ఒక్కసారి కూడా అడక్కుండా చక్రం మీద చెయ్యి వెయ్యలేదు.

ఏసోబు మనుషులు గోనెసంచి నిండా రాగి తెచ్చి మా అరుగు మీద కుమ్మరించారు. చిల్లుపడ్డ చెంబులు, సొట్టలు పోయిన బిందెలు, ఎవరిదో అమ్మమ్మ కాలంనాటి గ్లాసు. ఇంట్లో రాగి లేనివాళ్ళు కూలికొచ్చిన మిరపకాయలే చేటలతో ఇచ్చారు. మా ఆయన అదంతా బెజవాడ తీసుకెళ్ళి మార్చి, నిగనిగలాడే దళసరి రేకు తెచ్చాడు. మూడు జానల పైన వెడల్పు! ఆ రేకు చూసి మావయ్య కళ్ళు వెలగడం నాకింకా గుర్తే.

పది రోజులు కొట్టాడు. తుమ్మ మొద్దులో తొలిచిన గుంట మీద రేకు తిప్పుకుంటూ లోతు దించాడు, ఇనప దాగలి మీద పెట్టి అంచు లేపాడు. పదో రోజు మధ్యాహ్నం ఖంగుమనే మోత హద్దు దాటింది. నా చెయ్యి చక్రం పిడి మీదే ఉంది. ఆయన ఆపలేదు. ఇంకో చుట్టు కొట్టాడు. ఇంకో చుట్టు. అత్తయ్య వైపు చూశాను. ఆవిడ పప్పు ఏరుతూ తలెత్తలేదు. మా ఆయన ఆ రోజు చీరాలలో ఉన్నాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. చింతపండుతో తోమేటప్పుడు అంచంతా వేలితో తడిమి చూశాను. ఏ బీటా తగల్లేదు. బతికిపోయాం అనుకున్నాను.

గిన్నె అప్పగించే రోజు ఏసోబుతో పాటు నలుగురు పెద్దలొచ్చారు. మా కంచరివాళ్ళలో సామాను ఊరికే చేతికివ్వరు. తీసుకునేవాళ్ళ ఎదుట మోగించి ఇవ్వాలి. బీట లేని సామాను మోత సాగుతుంది. అదే దానికి హామీ. మావయ్య గిన్నెని అరచేతి మీద నిలబెట్టి, రెండో చేత్తో కొయ్య పుల్ల తీసుకుని అంచు మీద కొట్టాడు.

డడడడమంది. పగిలిన కుండ మోత.

పెద్దలు చూపులు తిప్పుకున్నారు. మావయ్య మాత్రం మీసాల్లో నవ్వుతూ ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. "ఎట్టా ఉంది?" అన్నాడు. మళ్ళీ కొట్టాడు, ఇంకా గట్టిగా. మళ్ళీ అదే డడడ. ఏసోబు తల దించుకుని కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. ఆ క్షణాన భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండునని నిజంగా అనుకున్నాను. ఆ గిన్నె పగిలింది ఆయన సుత్తికి కాదు, నా మౌనానికి.

అత్తయ్యే కదిలింది. చెంబుతో నీళ్ళు తెచ్చి గిన్నెలో పోసింది. అంచు కిందుగా వెంట్రుకంత బీట వెంట నీటి బొట్లు కట్టాయి. మావయ్య వాటిని చూశాడు. పుల్ల కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

"రేకులోనే ఉంది దోషం!" అని మా ఆయన చిందులేశాడు. "ఆ బెజవాడ కొట్టువాడు పుచ్చు రేకు అంటగట్టాడు! వాడి సంగతి చూస్తా!"

"పోనీలే బాపయ్యా. రేకు సంగతి మనకేం తెలుసు. మావాళ్ళని మళ్ళీ అడిగి పోగుచేస్తాను. కోతలింకా ఉన్నాయిగా," అన్నాడు ఏసోబు మెల్లగా.

"వొద్దు! మా ఇంట్లో పగిలింది, మేమే తెస్తాం," అంది అత్తయ్య.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వెనక గదిలోంచి గంగాళం ఈడ్చుకొచ్చింది. పెళ్ళిళ్ళకి నీళ్ళు కాచే రాగి గంగాళం. మావయ్య తండ్రి స్వయంగా చేసి, కొత్త కోడలిగా వచ్చిన అత్తయ్యకిచ్చింది. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా మా గంగాళం వెళ్ళాల్సిందే.

"దీన్ని తీసుకెళ్ళి రేకు తేరా," అంది కొడుకుతో.

"ఇదీ పగిలితేనో?"

"పగిలితే ఇంట్లో ఇంకో రాగి ముక్క లేదు. మీ నాన్న ఇక సుత్తి పట్టరు. నువ్వు పోయి చీరాలలో స్టీలు గిన్నెలు అమ్ముకో. మీ నాన్నేం చేస్తారో నాకు తెలియదు." అని కొంగుతో మొహం తుడుచుకుంది. ఆవిడ ఏడవడం నేను మొదటిసారి చూశాను.

ఈస్టరు ఇంక మూడు వారాలు.

ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. గాలి వీస్తే ఊళ్ళో ఉన్నవాళ్ళంతా తుమ్ములే. రెండో రేకు వచ్చింది. మావయ్య సుత్తి పట్టాడు గానీ చేతిలో మునుపటి ఊపు లేదు. నాలుగు దెబ్బలు కొట్టి "గాలి" అంటాడు, ఇంకో నాలుగు కొట్టి "గాలి" అంటాడు. అలా పిరికిగా కొడితే గిన్నె ఎన్నటికి లేస్తుంది? నాలుగు రోజులకి పళ్ళెమంత లోతు కూడా రాలేదు. ఐదో రోజు ఆయనకే విసుగొచ్చింది కాబోలు, భయం మర్చిపోయి పాత ఊపులో పడ్డాడు. అబ్బ, ఆ కొట్టుడు చూడాలి! సుత్తి ఒకచోట పడి లేచేలోపు రేకు కొంచెం తిరిగి ఉంటుంది. చుట్టు మీద చుట్టు, వరస తప్పకుండా. దబ్ దబ్ కాస్తా ఖంగు ఖంగైంది. అది హద్దు దగ్గరికొచ్చింది.

దాటింది.

ఆయన ఆపలేదు.

నా చెయ్యి చక్రం తిప్పింది. నేను తిప్పానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి ఆలోచించి చేసింది కాదు. బొగ్గులు భగ్గుమన్నాయి.

"ఏమే, నీకేమన్నా మతిపోయిందా? ఎవరడిగారే గాలి?" అని అత్తయ్య గడపలోంచి కేకేసింది. మా ఆయన దాగలి అవతల నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

మంట వేడి మొహానికి తగిలి మావయ్య తలెత్తాడు. మంట చూశాడు, చక్రం చూశాడు, నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. చెయ్యి మాత్రం ఆపలేదు, ఇంకా గట్టిగా తిప్పాను. ఆయన గిన్నె అంచు చుట్టూ బొటనవేలితో నెమ్మదిగా రాశాడు. పట్టకారు తీసుకుని గిన్నెని నిప్పుల్లో పెట్టాడు.

అంతే. మర్నాడు పొద్దున పనిలోకి కూర్చునేటప్పుడు మావయ్య తన మొద్దునీ దాగలినీ పక్కకి జరిపించాడు. అన్నాళ్ళూ కొలిమికి పక్కగా కూర్చునే మనిషి, ఆ రోజు నుంచి మంటకి ఎదురుగా కూర్చున్నాడు.

ఇక చూసుకోండి! ఆ రెండు వారాలూ నేను బతికిన బతుకు మరెప్పుడూ బతకలేదు. "గాలి" అనే మాటే మా కొలిమిలో లేకుండా పోయింది. ఆయన భయం లేకుండా కొడతాడు, నేను ఊపిరి బిగబట్టి వింటాను. హద్దు రాగానే చక్రం తిప్పుతాను, మంట లేస్తుంది, ఆయన ఆపుతాడు. రోజుకి వేలి మందం చొప్పున గిన్నె పైకి లేస్తోంది. వంట తగలబెట్టాను, జడ వేసుకోవడం మర్చిపోయాను, నిద్రలో కూడా ఖంగుఖంగులే. అత్తయ్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు చక్రం తిప్పే చేతికి ఆముదం రాసి, "ఈ చెయ్యి నొప్పెడితే రెండో చెయ్యి వాడవే, పిచ్చిమొహమా," అంది. మా ఆయన చీరాల వెళ్ళడం మానేశాడు. అంచు నునుపు చేసే చిన్న సుత్తి తీసుకుని తండ్రి పక్కన చేరాడు. పని అయ్యాక కూడా లేవకుండా గిన్నెని ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అంచు మీద పని జరుగుతోంది. అన్నిటికంటే ప్రమాదం అక్కడే. సరిగ్గా అప్పుడే మా ఇంటి ముందు మిరప బస్తాల లారీ ఆగింది. ఇంజను దడదడ, పైగా లోపల టేపులో సినిమా పాటలు. నాకు సుత్తి మోత ఒక్కటి వినపడితే ఒట్టు! మావయ్య చూస్తే మంచి ఊపులో ఉన్నాడు. గభాలున లేచి వీధిలోకి పరిగెత్తాను.

"ఓ డ్రైవరూ! ఇంజను ఆపు! ఆపవయ్యా బాబూ!"

"ఏంటమ్మా, ఎవరికన్నా బాగోలేదా?"

"గిన్నె కొడుతున్నాం! ఆపు!"

వాడు బిత్తరపోయి ఇంజనూ ఆపాడు, పాటలూ ఆపాడు. వీధి వీధంతా నన్నే చూస్తోంది. మూడేళ్ళుగా నా గొంతు పక్కింటివాళ్ళు కూడా విని ఎరగరు. లోపలికొస్తూ చివరి రెండు దెబ్బలు విన్నాను. హద్దుకి ఇంకా కొంచెం దూరంలో ఉంది. చక్రం పిడి పట్టుకుని తలెత్తితే, మావయ్య సుత్తి ఎత్తి పట్టుకుని నా కోసమే ఆగి ఉన్నాడు. మీసాల్లో నవ్వుతున్నాడు. నేను తలూపాను, సుత్తి దిగింది.

ఈస్టరుకి ముందు రోజు శనివారం, పదిగంటలప్పుడు ఏసోబు వచ్చాడు. ఈసారి నలుగురితో కాదు, పాతికమందితో. తోటల్లో పని ఆపుకుని వచ్చిన ఆడవాళ్ళు తలగుడ్డలతోనే అరుగు కింద నిలబడ్డారు. వాళ్ళ చేతులకి ఇంకా మిరప ఘాటు ఉంది. చింతపండుతో తోమిన గిన్నె ఎండలో పెడితే కళ్ళు చెదిరిపోతున్నాయి. జానెడు లోతు, చక్కటి అంచు, ఒంటి నిండా సన్నటి సుత్తి గుర్తులు వరసలు వరసలుగా. ఎక్కడా అతుకన్నది లేదు.

మావయ్య గిన్నెని అరచేతి మీద నిలబెట్టాడు. కొయ్య పుల్ల తీసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, పుల్లని నా వైపు చాచాడు.

"నువ్వు మోగించమ్మాయ్."

అందుకుని కొట్టాను.

గిన్నె మోగింది! అరుగు దాటి, ముందున్న జనాన్ని దాటి, వీధి చివరి దాకా వెళ్ళింది ఆ మోత. ఆగదే! ఇక ఆగుతుందనుకునేటప్పటికి ఇంకా సాగుతోంది. ఒక ముసలావిడ "స్తోత్రం!" అని చేతులు జోడించింది. మా ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆ సంగతి తనకే తెలిసినట్టు లేదు. మావయ్య గిన్నె వైపు చూడనేలేదు. జనం మొహాల వైపే చూస్తున్నాడు. ఒక్కొక్క మొహం విప్పారుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గిన్నెని ఏసోబు చేతుల్లో పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్పాలి. మొదటి గిన్నె పగిలింది రేకు దోషం కాదు. బెజవాడ కొట్టువాడిని ఊరికే తిట్టాం. నాకు వినపడదు. నాలుగేళ్ళ నుంచీ సుత్తి మోత కూడా వినపడటంలా. చిన్న సామానైతే చేతి అంచనాతో నెట్టుకొచ్చా. మీ అందరి రాగి తీసుకుని, ఆ సంగతి దాచిపెట్టి పని ఒప్పుకున్నా. తప్పయింది. ఈ గిన్నెకి మాత్రం మా కోడలు విన్నది. అది వింటే నేను కొట్టా."

అత్తయ్య స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. నాలుగేళ్ళు చేటలు విసిరి, మాటలు మింగి, ఆయన ముందు నిలబడి పెదాలు కదిలించి దాచిన గుట్టు, ఆయనే నడివీధిలో పెట్టేశాడు.

ఏసోబు గిన్నెని గుండెకి హత్తుకుని అయోమయంగా చూశాడు.

"అదేంటి ఆచారిగారూ! అది ఊరంతటికీ తెలుసు గదండీ! మేం తెలిసే వచ్చాం మీ దగ్గరికి. ఆ మాటంటే మీరు నొచ్చుకుంటారని ఎవరం అనలేదు గానీ..."

మావయ్యకి ఆ మాటలు అందలేదు. అలవాటు చొప్పున అత్తయ్య వైపు తిరిగాడు, చెప్పమన్నట్టు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. చెప్పే స్థితిలో లేదు. ఇంక నేనే వెళ్ళాను. కోడలిననీ, ఆయన ఎదుట గొంతెత్తకూడదనీ నాకు గుర్తు రాలేదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, బలమంతా పెట్టి అరిచాను.

"అందరికీ తెలుసంట మావయ్యా! ఎప్పటినుంచో తెలుసంట!"

ఆయన ఏసోబుని చూశాడు. అరుగు కింద ఉన్న ఆడవాళ్ళని చూశాడు. ఎదురింటి వాళ్ళని చూశాడు. వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు తలూపారు. ఆయన మీసాలు అదిరాయి. కోపమో నవ్వో నాకు అర్థం కాలేదు.

"తెలిస్తే మరి, ఇన్నాళ్ళూ కాస్త గట్టిగా మాట్టాడి చావొచ్చుగదరా!" అని అరిచాడు.

అక్కడున్న పాతికమందిమీ ఒక్కసారిగా గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాం.